లోగో ఒక్కటి ఉంటే చాలా? బ్రాండ్ రూపకల్పనపై అపోహలు, వాస్తవాలు

నేను డిజైనర్‌ను. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది పచ్చళ్లు, మిఠాయిలు, నెయ్యి వంటివి తయారు చేసి అమ్మే చిన్న వ్యాపారులు. బట్టల దుకాణాలవారు, క్లినిక్కులు నడిపేవారు కూడా వస్తుంటారు. పని మొదలయ్యే ముందు వారు చెప్పే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటిలో తరచుగా వినిపించే కొన్ని అపోహలను, వాటి వెనుక ఉన్న వాస్తవాలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: లోగో వచ్చిందంటే బ్రాండ్ సిద్ధమైనట్టే.

లోగో ఆ పనిలో ఒక భాగం మాత్రమే. అది ఎక్కడెక్కడ కనిపించాలో ముందుగా తేల్చుకోకుండా గీత మొదలుపెట్టడం వృథా శ్రమ అని నా అభిప్రాయం. పచ్చడి సీసానే తీసుకుంటే, లేబుల్ మీద పేరుతో పాటు పదార్థాల జాబితా, పోషక విలువలు, నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, తయారీ తేదీ, 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య, శాకాహారమని తెలిపే ఆకుపచ్చ చుక్క తప్పనిసరిగా ఉండాలి. ఇవన్నీ పోగా మిగిలిన జాగాలోనే మన అందచందాలన్నీ ఇమడాలి. అదే పేరు దుకాణం బోర్డు మీద పది అడుగుల వెడల్పున, బిల్లు పుస్తకం మీద ఒకే రంగులో, వాట్సాప్ ప్రొఫైల్‌లో గుండ్రటి చిన్న బొమ్మగా, రబ్బరు స్టాంపుగా కూడా కనిపించాలి. అందుకే నేను మొదటి నమూనాలను నలుపు తెలుపుల్లోనే చూపిస్తాను. స్టాంపు మీద నిలబడని గుర్తుకు రంగులు ఎన్ని అద్దినా ప్రయోజనం ఉండదు.

అపోహ: ఇంగ్లీషు లోగో ముందు చేసి, తెలుగు పేరును తర్వాత ఏదో ఒక ఫాంట్‌లో పెట్టేస్తే సరిపోతుంది.

నేను అన్నిటికంటే ఎక్కువగా వాదించేది ఈ విషయంలోనే. ఇంగ్లీషు పెద్ద అక్షరాలన్నీ రెండు గీతల మధ్య ఒద్దికగా నిలుస్తాయి. తెలుగు అక్షరానికి పైన గుడులు, ఎత్వాలు, కింద ఒత్తులు ఉంటాయి. మన వ్యాపారాల పేర్లలో తరచుగా కనిపించే ‘లక్ష్మి’నే చూడండి. రెండో అక్షరంలో ‘క’ మీద గుడి ఉంటుంది, దానికి షకారం ఒత్తు, ఆపైన మకారం ఒత్తు చేరతాయి. ఇంగ్లీషు పేరుకు కేటాయించిన ఎత్తులోనే దీన్ని ఇరికిస్తే అసలు అక్షరం సగానికి దగ్గరగా కుంచించుకుపోతుంది. చిన్న లేబుల్ మీద స్క్రీన్ ప్రింటింగ్ చేసినప్పుడు ఆ ఒత్తుల్లోని ఖాళీలు సిరాతో పూడిపోయి నల్లటి మచ్చలుగా మిగులుతాయి. అందువల్ల రెండు లిపులకూ ఒకేసారి, ఒకే గీత మందంతో, తెలుగుకు తగిన ఎత్తు వదిలి రూపం ఇవ్వాలి.

లైటు బోర్డుల సంగతి మరీ చిత్రం. ప, ష, స, హ వంటి అక్షరాలకు తలకట్టు అక్షరాన్ని తాకకుండా విడిగా ఉంటుంది. కాగితం మీద దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. ఎల్ఈడీ అక్షరాలు తయారు చేసేటప్పుడు మాత్రం ఆ తలకట్టు ఒక విడి ముక్క, కింది ఒత్తు మరో విడి ముక్క అవుతాయి. ప్రతి ముక్కకూ వేరే బిగింపు, వేరే వైరు కావాలి. రెండు వానాకాలాలు గడిచేసరికి తలకట్టు ఊడిపోయిన బోర్డులు మీ ఊళ్లోనూ కనిపిస్తాయి. దీనికి రెండు మార్గాలున్నాయి. తలకట్టును అక్షరానికి కలిపి గీయడం ఒకటి, పేరు మొత్తానికీ వెనుక ఒకే పలకను డిజైన్‌లో భాగంగా చేర్చడం మరొకటి. ఈ నిర్ణయం గీసే దశలోనే జరగాలి. బోర్డు చేసేవారికి వదిలేస్తే వారు తమకు తోచినట్టు చేస్తారు, అందుకు వారిని తప్పుపట్టలేము.

తెలుగులో ఫాంట్లు కొరత అని కొందరంటారు, దాని గురించి ఒక మాట. అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చిన రామభద్ర, మండలి, గిడుగు, ధూర్జటి, పెద్దన వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, వ్యాపారానికీ వాడుకోవచ్చు. అయితే ఊరంతా ఫ్లెక్సీల మీద కనిపించే ఫాంట్‌నే పేరుకు యథాతథంగా వాడితే ప్రత్యేకత మిగలదు. కనీసం ఒకటి రెండు అక్షరాలనైనా చేత్తో దిద్దుకోవాలి.

అపోహ: ఫోన్‌లో చూసిన రంగే అచ్చులోనూ వస్తుంది.

ఫోన్ తెర వెలుతురుతో రంగును చూపిస్తుంది, ఆఫ్‌సెట్ యంత్రం నాలుగు సిరాలతో దాన్ని కాగితం మీద కడుతుంది. తెర మీద మెరిసే చిలకపచ్చ, ముదురు నీలం, కాషాయం వంటి రంగుల్లో చాలావరకు ఆ నాలుగు సిరాల పరిధిలోకి రావు కనుక అచ్చులో మందగిస్తాయి. అదే రంగు ఆర్ట్ పేపర్ మీద ఒకలా, మామూలు కాగితం మీద మరోలా కనిపిస్తుంది. గోధుమ రంగు అట్టపెట్టె మీద పసుపు దాదాపు మాయమైపోతుంది, కింద తెల్ల సిరా పరిస్తే తప్ప తేలదు. ఖచ్చితంగా అదే రంగు కావాలంటే ముందే కలిపిన ప్రత్యేక సిరాతో వేయించాలి, దానికి అదనపు ప్లేటు ఖర్చు అవుతుంది. తక్కువ సంఖ్యలో వేయించే చిన్న వ్యాపారికి ఆ ఖర్చు దండగ. నాలుగు సిరాల్లో నిలకడగా వచ్చే రంగునే మొదటినుంచీ ఎంచుకోమని నేను చెబుతాను.

అపోహ: లోగో చూడగానే ఏం అమ్ముతారో తెలియాలి.

అలా ఉంటే మంచిదే కానీ, ఉండి తీరాలన్న నియమం లేదు. 1971లో శేఖర్ కామత్ స్టేట్ బ్యాంకుకు గీసిన నీలి వృత్తంలో రూపాయీ లేదు, ఖజానా పెట్టే లేదు.

అపోహ: చిన్న బొమ్మే కదా, గంటలో అయిపోతుంది.

నైకీ గుర్తును 1971లో కరోలిన్ డేవిడ్‌సన్ అనే విద్యార్థిని 35 డాలర్లకు గీసిందన్న కథను బేరమాడేవారు బాగా గుర్తుపెట్టుకుంటారు. 1983లో అదే సంస్థ ఆమెను పిలిచి వాటాలు బహూకరించిందన్న రెండో సగాన్ని మాత్రం ఎవరూ ఎత్తరు.

అపోహ: అమ్మకాలు తగ్గితే లోగో మార్చాలి.

2009లో ట్రోపికానా అనే సంస్థ తన పండ్లరసం డబ్బా రూపాన్ని పూర్తిగా మార్చింది. కొనేవారు అలవాటైన డబ్బాను గుర్తుపట్టలేకపోవడంతో రెండు నెలలు తిరగకుండానే పాత రూపానికి వెళ్లింది. 2010లో గ్యాప్ అనే దుస్తుల సంస్థ కొత్త లోగోను వారం రోజులు కూడా ఉంచలేకపోయింది. పచ్చడి రుచి మారినందుకు కొనుగోలుదారులు దూరమైతే దానికి డిజైనర్ దగ్గర మందు లేదు.

అపోహ: జీఎస్‌టీ ఉంది, డిజైనర్‌కు డబ్బు ఇచ్చేశాం, ఇక పేరూ లోగో మావే.

ఇవి మూడు వేర్వేరు విషయాలు. జీఎస్‌టీ నమోదు పన్నుకు సంబంధించినది, దానివల్ల పేరు మీద హక్కు రాదు. పేరుకూ గుర్తుకూ రక్షణ 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం కింద చేయించే నమోదుతో దృఢమవుతుంది. అది 10 ఏళ్లు నడుస్తుంది, తర్వాత పునరుద్ధరించుకోవచ్చు. వస్తువులు, సేవలు కలిపి 45 తరగతులు ఉన్నాయి. పచ్చళ్లు 29లో, మిఠాయిలు 30లో, హోటల్ సేవ 43లో వస్తాయి. కాబట్టి పచ్చళ్లతో మొదలై రేపు భోజనశాల పెట్టాలనుకునేవారు ఆ సంగతి ముందే ఆలోచించుకోవాలి. నమోదు పూర్తికాకముందే పేరు పక్కన వలయంలో ఆర్ గుర్తు వేయడం నేరం. అప్పటిదాకా టీఎం అని వేసుకోవచ్చు.

ఇక బొమ్మ మీద కాపీరైటు. సొంతంగా పనిచేసే డిజైనర్ గీసిన లోగోపై హక్కు, డబ్బు చెల్లించినంత మాత్రాన సాధారణంగా బదిలీ కాదు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. అందులో కాలపరిమితి రాయకపోతే దాన్ని 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితంగా భావిస్తారు. అమెరికాలోని తెలుగువారికి పచ్చళ్లు పంపేవారు ఈ ప్రాంతం సంగతిని జాగ్రత్తగా చూసుకోవాలి.

ఆ పత్రంతో పాటే ఫైళ్లూ తీసుకోవాలి. వాట్సాప్‌లో వచ్చిన జేపీజీని ఫ్లెక్సీకి ఇస్తే అంచులు అలుక్కుపోతాయి. ఎంత పెంచినా చెదరని వెక్టర్ ఫైలు, పీడీఎఫ్, వెనుక రంగు లేని పీఎన్‌జీ, ఒకే రంగు రూపం అడిగి తీసుకోండి. తెలుగు అక్షరాలను కర్వ్స్‌లోకి, అంటే ఫాంట్ అవసరం లేని గీతల రూపంలోకి, మార్చిన ఫైలు ఒకటి, మార్చనిది ఒకటి ఉండాలి. మార్చకుండా పంపితే, ఆ ఫాంట్ లేని ప్రెస్సు కంప్యూటర్‌లో మీ పేరు పిచ్చి గీతలుగా తెరుచుకుంటుంది.