అద్దం ముందు అన్నయ్య, తలుపు దగ్గర చెల్లెలు

పద్నాలుగేళ్ల కుర్రాడు అద్దం ముందు నిలబడి మూడో చొక్కా మారుస్తున్నాడు. మొదటిది పొట్టయింది, రెండోది నలిగింది. మూడోదానికి వంక ఏమీ లేదు గానీ అదీ నచ్చలేదు. గడ్డం మీద లేచిన మొటిమను గిల్లి ఇంకాస్త ఎర్రగా చేసుకున్నాడు. తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్న పదకొండేళ్ల చెల్లెలు ఒక్కటే అడిగింది: "ఎవరి కోసం అన్నయ్యా?"

తలుపు ధడేల్మని మూసుకుంది. నిన్నటిదాకా ఒకే మంచం మీద పొర్లుతూ కొట్టుకున్నవాళ్లే వీళ్లిద్దరూ.

"అంతా హార్మోన్ల మహిమ" అని పెద్దవాళ్లు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. తప్పు కాదు. కాకపోతే ఆ హార్మోన్లు మనం అనుకునేదానికంటే చాలా ముందే పని మొదలుపెడతాయి. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చుని ఉండే అడ్రినల్ గ్రంథులు ఆరేళ్లు, ఎనిమిదేళ్ల వయసులోనే కొన్ని హార్మోన్లను పెంచేస్తాయి. మార్తా మెక్‌లింటాక్, గిల్బర్ట్ హెర్డ్ట్ అనే పరిశోధకులు 1996లో ఈ సంగతినే ఎత్తి చూపారు. చాలామంది తమ మొదటి ఆకర్షణను పదేళ్ల ప్రాంతానికి గుర్తు చేసుకుంటున్నారు, దానికి బీజం ఈ గ్రంథుల్లో ఉండొచ్చని వాళ్ల వాదన. అంటే మీసం మొలవకముందే మనసు అటూ ఇటూ చూడడం మొదలవుతుంది.

ఇక క్రష్ విషయం. 2005లో ఆర్థర్ ఆరన్, హెలెన్ ఫిషర్, లూసీ బ్రౌన్ బృందం, ప్రేమలో పీకల్లోతు మునిగిన 17 మందిని స్కానర్‌లో పడుకోబెట్టి, వాళ్ల మనిషి ఫొటో చూపించింది. మెదడు అడుగుభాగంలో డోపమైన్ అనే రసాయనం తయారయ్యే చోటు చురుగ్గా మారింది. ఏదైనా కావాలి అనిపించినప్పుడు, దాని వెంట మనల్ని పరిగెత్తించే వ్యవస్థ ఇది. వాళ్లు టీనేజర్లు కారు, యువతీయువకులు. అయినా ఆ తపన ఎలాంటిదో దీన్నిబట్టి ఊహించొచ్చు. ఈ తీవ్రమైన మోహానికి 1979లో మనస్తత్వవేత్త డొరొతీ టెన్నోవ్ 'లిమరెన్స్' అని పేరు పెట్టింది. దానికి మేత ఆశ, అనుమానం రెండూనట. అవతలివాళ్లు స్పష్టంగా అవునన్నా, కాదన్నా ఏదో ఒకటి తేలిపోతుంది. మెసేజ్ చూసి జవాబివ్వకపోతేనే రాత్రంతా నిద్ర పట్టదు.

నన్నడిగితే, ఈ వయసు క్రష్‌లో అవతలి మనిషి గురించిన ఆలోచన కంటే "ఆ మనిషికి నేనెలా కనిపిస్తున్నాను?" అన్న టెన్షనే ఎక్కువ. 1967లో మనస్తత్వవేత్త డేవిడ్ ఎల్కైండ్ ఈ వయసువాళ్ల గురించి 'ఊహాజనిత ప్రేక్షకులు' అన్న భావాన్ని చెప్పాడు. ఎప్పుడూ ఎవరో మనల్నే గమనిస్తున్నారన్న భ్రమ అది. క్రష్ ఆ ప్రేక్షకుల్లో ముందు వరుసలో కూర్చున్న మనిషి.

భ్రమే అయినా ఒంటికి మాత్రం నిజంగానే తెలుస్తుంది. 2013లో లీ సోమర్‌విల్ బృందం, ఎనిమిదేళ్ల పిల్లల నుంచి ఇరవై రెండేళ్ల యువత వరకు పిలిచి, స్కానర్‌లో పడుకోబెట్టి, "ఇప్పుడు కెమెరా ఆన్ అయింది, నీ ఈడువాళ్లొకరు నిన్ను చూస్తున్నారు" అని చెప్పింది. నిజానికి అవతల ఎవరూ లేరు, చేయాల్సిన పనీ లేదు. ఊరికే పడుకోవడమే. అయినా టీనేజ్‌లో ఉన్నవాళ్లకు సిగ్గు ముంచుకొచ్చింది, అరచేతులకు చెమట పట్టినట్టు కొలతల్లో తేలింది. తన గురించి తాను ఆలోచించుకునే మెదడు భాగం కూడా వాళ్లలో గట్టిగా స్పందించింది.

మరి నిజంగా జనం అంతగా చూస్తారా? 2000లో టామ్ గిలోవిచ్, ఆయన సహచరులు కాలేజీ విద్యార్థులకు సిగ్గుపడేలాంటి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, గదిలో ఉన్న తోటివాళ్ల మధ్యకు పంపారు. సగం మందైనా గమనించి ఉంటారని వాళ్ల అంచనా. గమనించింది నాలుగో వంతు మంది మాత్రమే. ఆ మొటిమ లెక్కా ఇంతే.

ఆత్మగౌరవం, అంటే తన విలువ మీద తనకున్న నమ్మకం, ఈ వయసులో కుప్పకూలిపోతుందని అందరూ అంటారు కదా. ఉల్రిక్ ఆర్త్ బృందం ఎన్నో దేశాల దీర్ఘకాల అధ్యయనాలను కలిపి 2018లో చూస్తే, సగటున 11 నుంచి 15 ఏళ్ల మధ్య అది పడిపోలేదు, ఉన్నచోటే నిలిచింది. ఆ తర్వాత ముప్పై ఏళ్ల దాకా బాగా పెరిగింది. సగటు మాట ఇది. ఏ రోజుకారోజు మాత్రం పొద్దున ఆకాశంలో, సాయంత్రం పాతాళంలో ఉండొచ్చు. ఈ వయసువాళ్లు తమ విలువను అన్నిటికంటే ఎక్కువగా ఎలా కనిపిస్తున్నామన్నదాని మీదే తూకం వేసుకుంటారని సూసన్ హార్టర్ పరిశోధనల్లో మళ్లీ మళ్లీ తేలింది.

ఇక్కడే చెల్లెలితో చిక్కు. ఊహాజనిత ప్రేక్షకుల ముందు ఎంత నాటకమైనా ఆడొచ్చు. నిద్రలో చొంగ కార్చినప్పటి ముఖం చూసిన మనిషి ముందు ఏ వేషం నిలుస్తుంది? తోబుట్టువు తెర వెనక మనిషి. అందుకే తలుపు పడింది ఆమె మీదే.

నికోల్ కాంపియోన్ బార్ బృందం 2013లో 145 జతల తోబుట్టువుల గొడవలను పరిశీలించి, వాటిని రెండు రకాలుగా విడదీసింది. "నాకు తక్కువ, వాడికి ఎక్కువ" అనే పంపకాల తగవులు ఒకటి, "నా గదిలోకి ఎందుకొచ్చావు, నా ఫోన్ ఎందుకు తీశావు" అనేవి రెండోది. ఏడాది తర్వాత చూస్తే, మొదటి రకం ఎక్కువగా ఉన్నవాళ్లలో దిగులు కనిపించింది, రెండో రకం ఎక్కువగా ఉన్నవాళ్లలో ఆందోళన ఎక్కువ, ఆత్మగౌరవం తక్కువ. అక్క డైరీ దొంగతనంగా చదివి, అందులోని పేరును భోజనాల దగ్గర బయటపెట్టిన ఘనత నాకూ ఉంది. అది తమాషా అనుకున్నాను. అక్క ఆ తర్వాత డైరీ రాయడమే మానేసింది.

వయసుతోపాటు ఈ వేడి తగ్గుతుంది. డువాన్ బర్‌మెస్టర్, విండాల్ ఫర్మన్ 1990లో మూడో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లల్ని అడిగి చూస్తే, తోబుట్టువుల మధ్య తీవ్రత పల్చబడుతూ, పెద్ద చిన్న తేడా కరుగుతూ, సమాన బంధం వైపు సాగుతోందని తేలింది. మూడేళ్ల తేడా పదకొండేళ్ల వయసులో ఎంతో పెద్దది, పద్దెనిమిదేళ్లకు పెద్ద లెక్కలోకి రాదు.

మూడేళ్లు గడిచాయి. చెల్లెలికిప్పుడు పద్నాలుగు. అద్దం ముందు వంతు ఆమెది, మంచం మీద నాలుగు డ్రెస్సులు. అన్నయ్య తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, "ఆ నీలంది వేసుకో" అని వెళ్లిపోయాడు. ఎవరి కోసమో అడగలేదు.