మల్లె పూయకపోతే కత్తెర తీసుకోండి

పిల్లలూ,

మొన్న చిన్నపాప వీడియో కాల్ చేసి బాల్కనీలో ఉన్న మల్లెచెట్టు చూపించింది. చెట్టు చూస్తే కరేపాకు చెట్టులాగా గుబురుగా, పచ్చగా, కళకళలాడిపోతోంది. "అవ్వా, ఎండాకాలమంతా ఒక్క పువ్వు పూయలేదు, రోజూ నీళ్ళు పోస్తూనే ఉన్నా" అని దానికి ఒకటే టెన్షన్. నాకు నవ్వొచ్చింది. ఇది కార్తీకం కదా, ఇప్పుడు చెప్తే పని జరుగుతుంది, ఎండాకాలం వచ్చాక చెప్పి లాభం లేదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను తిరుపతికి కాపురానికొచ్చిన కొత్తలో, మీ తాత పొలానికి తెచ్చిన యూరియా మూటలోంచి గుప్పెడు తీసి చెట్టు మొదట్లో వేశాను, బాగా పూస్తుందని. నెల తిరిగేసరికి మూరెడు మూరెడు కొమ్మలు సాగాయి, ఆకులు అరచేయంత అయ్యాయి. పూలు మాత్రం ఆ ఏడు వీధిలోకి వచ్చే బుట్టామె దగ్గర మూర లెక్కన కొనుక్కున్నాను, అదీ మా అత్తగారి ముందు. యూరియా ఆకుని పెంచుతుంది, అంతే. చెట్టు సుఖంగా ఉంటే ఆకులు వేసుకుంటూ కూర్చుంటుంది, పూలెందుకు పూస్తుంది?

మల్లె మొగ్గ పుట్టేది కొత్త చిగురు కొసన. ముదిరిన కొమ్మ మీద ఎంత చూసినా రాదు. అందుకే ఏడాదికోసారి కొమ్మలు కత్తిరించాలి. పుస్తకాల్లో నవంబరు ఆఖర్లో కత్తిరించమని ఉంటుంది, కానీ మన తిరుపతికి ఈశాన్య రుతుపవనాల వానలు అప్పుడే కదా, ఒక్కోసారి డిసెంబరు దాకా పడుతూనే ఉంటాయి. అందుకని నేను ధనుర్మాసం దాకా ఆగుతాను. కొండమీద సుప్రభాతం బదులు తిరుప్పావై మొదలయ్యే రోజులు నాకు గుర్తు. వానలు ఆగాక ముందు నీళ్ళు మానెయ్యాలి. కుండీలో అయితే పది రోజులు చాలు, నేలలో అయితే పదిహేను, ఇరవై రోజులు. ఆకు వాడి, పండి, కొంత రాలుతుంది. అప్పుడు జాలిపడి చెంబు తీసుకుని పరిగెత్తొద్దు. ఆ తరవాత నేలనించి మూరెడు ఎత్తు ఉంచి, అంటే ఒకటిన్నర అడుగు, పైనున్న కొమ్మలన్నీ కత్తిరించి, మిగిలిన ఆకులు కూడా దూసెయ్యండి. ఎండు కొమ్మలూ, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలూ మొదలంటా తీసెయ్యాలి. చూస్తే చెట్టు చచ్చిపోయినట్టే ఉంటుంది. మొదటిసారి చేసినప్పుడు మీ తాత రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

కత్తిరించాక మొదలు చుట్టూ మట్టి గుల్ల చేసి, బాగా చివికిన పశువుల ఎరువు రెండు దోసిళ్ళు వేసి, అప్పుడు నిండా నీళ్ళు పోయండి. రెండు మూడు వారాల్లో కొత్త చిగుళ్ళు, ఆ వెనకే మొగ్గలు. నెలకోసారి వేరుశనగ చెక్క, అదే మనం చెనక్కాయల పిండి అంటామే, గానుగ దగ్గర దొరికేది, గుప్పెడు మూడు రోజులు నానబెట్టి, అందులో పదింతలు నీళ్ళు కలిపి పోస్తే చాలు. కంపు కొడుతుంది, పక్క ఫ్లాట్ వాళ్ళకి ముందే చెప్పుకోండి.

ఎండ సంగతి. చిన్నపాపా, మీ బాల్కనీలో ఎండ పొద్దున రెండు గంటలే ఉంటుంది కదా? మల్లెకి కనీసం ఆరు గంటలు కావాలి. మన మే నెల కత్తిరి ఎండలకి కూడా అది భయపడదు, మనమే భయపడతాం. కుండీ మేడ మీద పెట్టు.

నీళ్ళు ఎప్పుడు పోయాలో చెట్టుని కాదు, మట్టిని అడగాలి. వేలు రెండు కణుపులు లోపలికి దించి చూడండి, తడి తగిలితే పోయొద్దు. రోహిణికార్తెలో కుండీకి రెండు పూటలా కావాల్సొస్తుంది, మబ్బు పట్టిన రోజుల్లో రెండు రోజులకోసారి కూడా అక్కర్లేదు. కుండీ అడుగున బెజ్జం ఉందో లేదో చూసుకోండి. 2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా, అప్పుడు పెరట్లో రెండు రోజులు నీళ్ళు నిలిచి నా ఇరవై ఏళ్ళ బొడ్డుమల్లె పోయింది. పీకి చూస్తే వేళ్ళు నల్లగా, పట్టుకుంటే తొక్క చేతికి ఊడొచ్చేసింది. ఎండకి చచ్చిన మల్లెని నేను చూడలేదు.

ఆకు పసుపుపచ్చగా అయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది నీళ్ళ ఎక్కువతనం కాదు, ఇనుము తక్కువ. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే చోట్ల మామూలే. ఎరువుల అంగట్లో అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్, అని అడగండి, లీటరు నీళ్ళకి అయిదు గ్రాములు కలిపి, ఎండ దిగాక ఆకుల మీద చల్లండి. వారం ఆగి ఇంకోసారి.

మొగ్గలు తెల్లగా ఉండాల్సింది పోయి ఊదారంగు తిరిగి, రెండు మూడు దారంతో కుట్టినట్టు అతుక్కుని ఉంటే, ఒకటి చీల్చి చూడండి. లోపల సన్నటి పురుగు, దాని చుట్టూ పొడిలాగా రెట్ట. నేను ఆ మొగ్గల్ని ఏరి సబ్బు నీళ్ళ డబ్బాలో వేస్తాను, మొదట్లో రాలినవి కూడా వదలను. తరవాత లీటరు నీళ్ళకి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం చల్లుతాను. ఆకు అడుగున సాలెగూడులాంటి సన్న బూజు, పైన తెల్ల చుక్కలు కనిపిస్తే అది ఆకు రసం పీల్చే నల్లి. దానికి పైపుతో ఆకు అడుగు భాగాన నీళ్ళు గట్టిగా కొట్టడమే నా మందు. గంధకం కూడా చల్లుతారు, కానీ మన ఎండల్లో ఆకు మాడిపోతుంది, నేను ముట్టుకోను.

మార్చి నించి పూలు మొదలవుతాయి. పొద్దున ఎండ ఎక్కకముందే కోయండి. పచ్చగా, గట్టిగా ఉన్నవి రేపటివి, వదిలెయ్యండి. పాలతెలుపు తిరిగి, ఉబ్బి, ఇంకా విచ్చుకోనివి ఈ పూటవి. తడిగుడ్డలో చుట్టి పెడితే పొద్దుగూకేసరికి విచ్చుకుంటాయి, అప్పుడే వాసన. పొద్దున వాసన చూసి "అవ్వా, మన మల్లెకి వాసనే లేదు" అనకండి, అది రాత్రి పురుగులని పిలిచే పువ్వు. అలాగని కాగడా మల్లెలు కొనుక్కొచ్చి రాత్రిదాకా కాచుకుని కూర్చోవద్దు, వాటికి వాసన ఉండదు.

కొండకి వెళ్ళేటప్పుడు మాత్రం జడలో పెట్టుకోకండి. అక్కడ పూలన్నీ స్వామివే. పోయినసారి పెద్దపాప మరిచిపోయి పెట్టుకుని బయల్దేరితే అలిపిరి దగ్గర తీసి నా చేతికిచ్చింది, నేను వాటిని తిరిగొచ్చేదాకా సంచిలో మోశాను.

కత్తిరించిన కొమ్మలు పారెయ్యకండి. పెన్సిలంత లావున్నవి జానెడు ముక్కలు చేసి తడి ఇసకలో గుచ్చి నీడన పెట్టండి, సగం బతికినా చాలు. మల్లెకి మన దగ్గర గింజ కట్టదు, కొమ్మనించే రావాలి. నా చెట్టుకి ఒక కొమ్మ వంచి మట్టిలో తొక్కి, పైన ఇటుక పెట్టి ఉంచాను, వేళ్ళు పడుతున్నాయి. సంక్రాంతికి వచ్చేటప్పుడు చిన్నపాప ఖాళీ కుండీ ఒకటి తెచ్చుకోవాలి, బెజ్జం ఉన్నది.

మీ అవ్వ