గోలీ మీద నెపం

మా మేనత్త మనవడు మేడారం జాతర నుంచి తెల్లవారుజామున ఇంటికొచ్చాడు. రెండు రాత్రులు కన్నంటుకోలేదు. మొహం కడుక్కొని చాయ్ అందుకున్నాడో లేదో, చెయ్యి ఉలిక్కిపడ్డట్టు ఎగిరి గ్లాసు గోడకు తగిలింది. కాసేపటికే కింద పడి కొట్టుకున్నాడు. ఎవరో తాళంచెవుల గుత్తి తెచ్చి చేతిలో పెట్టారు. ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి, పేరు మాత్రం ఇనుముకు వస్తుంది.

హన్మకొండలో డాక్టరమ్మ ముందుగా అడిగింది గ్లాసు సంగతే. "ఇంతకుముందు కూడా పొద్దున పూట చేతిలోంచి వస్తువులు ఎగిరిపడేవా?" పడేవి. బ్రష్షు, చెంచా, ఓసారి ఫోను. ఇంట్లో అందరం పరధ్యానం అనుకున్నాం. యుక్తవయసులో మొదలయ్యే ఈ రకం మూర్ఛను జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అంటారు. దీన్ని రేపేవాటిలో నిద్రలేమి ముందుంటుంది.

మేలుకున్న మెదడు ఎనుమాముల మార్కెట్ లాంటిది, ఎవరి బేరం వాళ్లది. గాఢనిద్రలో అదే మెదడు బతుకమ్మ ఆట అవుతుంది. లక్షల కణాలు ఒక్క చప్పట్ల వరసలో పడతాయి. ఆ వరస మధ్యలో ఓ చెడిపోయిన గుంపు ఉంటే పక్కవాళ్లను లాక్కుపోవడం దానికి తేలిక. కలలొచ్చే నిద్రలో వరస చెదిరిపోతుంది కాబట్టి అప్పుడు ఫిట్స్ అరుదు. 1924లో హాన్స్ బెర్గర్ మొదటిసారి మనిషి మెదడు తరంగాలను నమోదు చేసిన ఈఈజీ పరీక్షకు, ఇవాళ కొందరిని ముందురాత్రి మేలుకొని రమ్మని, పరీక్షలో నిద్రపుచ్చేది కూడా అందుకే. మావాడి మొదటి ఈఈజీలో ఏమీ లేదు. మేలుకొని వెళ్లిన రెండోదాంట్లో జబ్బు జాడ దొరికింది.

మందులు మొదలయ్యాక అసలు లొల్లి పగటినిద్రతో వచ్చింది. కాలేజీలో కునుకు, అన్నం ముందు కునుకు. "గా గోలీలు మింగిన కాడినుంచే పోరడు తూగుతాండు, బంద్ చెయ్యుండ్రి" అంది అత్తమ్మ. ఆమె మాటను కొట్టిపారేయలేం. 1912లో హాప్ట్‌మన్ అనే జర్మన్ డాక్టరు మూర్ఛ రోగులకు ఇచ్చిన ఫినోబార్బిటాల్ అసలు నిద్రమందే. దాంతో ఫిట్స్ తగ్గడం ఆయన గమనించాడు. ఆ గోలీ ఇప్పటికీ వాడుకలో ఉంది. క్లోబజామ్ అనే మరో మూర్ఛ మందు కూడా మత్తునిస్తుంది. లామోట్రిజిన్ అనే ఇంకో మందు అయితే కొందరికి ఉన్న నిద్ర కూడా పోగొడుతుంది.

కానీ నెపమంతా గోలీ మీద వేస్తే రాత్రిని ఎవరూ చూడరు. నిద్రలో వచ్చే ఫిట్స్ పక్కవాళ్లకు కూడా తెలియకపోవచ్చు. పొద్దున నాలుక కొరుక్కుని ఉండటం, పక్క తడవడం, ఒళ్లు హూనం కావడం వాటి జాడలు. గురకపెడుతూ మధ్యమధ్య ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా మూర్ఛ ఉన్నవాళ్లలో తక్కువేం కాదు. వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందు వల్ల బరువు పెరిగితే అది ఇంకా ముదురుతుంది. దానికి చికిత్స చేస్తే కొందరిలో ఫిట్స్ కూడా తగ్గుతాయి. పగటి మత్తును కొలిచే ఎప్‌వర్త్ స్కేలులో ఎనిమిదే ప్రశ్నలు, 24 మార్కులు. పది దాటితే రాత్రి సంగతి తేల్చుకోవాల్సిందే.

నిద్ర కోసం కల్లు కాంపౌండుకు పోయేవాళ్ల కథ వేరు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం కలుపుతారు. అలవాటైన ఒంటికి అది ఒక్కసారిగా అందకపోతే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, మూర్ఛ జబ్బు లేనివాడికి కూడా ఫిట్స్ రావచ్చు. మూర్ఛ గోలీలు హఠాత్తుగా మానేసినా ఫిట్స్ ప్రమాదం ఇంతే. మోతాదును రాత్రికి మార్చడమో, మందు మార్చడమో డాక్టరు చేయాల్సిన పని.

మావాడి విషయంలో మందు మార్చే పని కూడా పడలేదు. నెలరోజులు నిద్ర వేళలు నోటుబుక్కులో రాయమన్నారు. రోజూ రెండు దాటాకే పడుకుంటున్నాడని తేలింది. గుచ్చి గుచ్చి అడిగితే, "నిద్రల ఫిట్స్ వస్తే ఎవ్వలు చూస్తరని భయమైతాంది" అన్నాడు. అప్పటినుంచి వాళ్ల నాన్న మంచం అదే గదిలోకి వచ్చింది.

తర్వాతి జాతరకు రాత్రి ములుగులో చుట్టాలింట్లో పడుకొని, తెల్లారాక గద్దెలకు పోయాడు. అత్తమ్మ మాత్రం దిండు కింద పెట్టుకొమ్మని తాళంచెవులు ఇచ్చే పంపింది.