బుజ్జి జాకెట్, అక్క లంగా ఓణీ

విజయవాడ

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకి అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీ అమ్మ ఫోన్ చేసి నలభై నిమిషాలు మాట్లాడింది. అందులో ముప్ఫై అయిదు నిమిషాలు బుజ్జి జాకెట్ గురించే. ఎవరో వాడేసిన జీన్స్ జాకెట్‌ని ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి ఏడొందలు పెట్టి తెప్పించావట. "ఎవరు తొడిగి విడిచిందో, అసలు వాళ్లు బతికే ఉన్నారో లేదో, అది గుమ్మం దాటడానికి వీల్లేదు" అని మీ అమ్మ. "దాన్ని థ్రిఫ్ట్ అంటారు, నీకు తెలీదు" అని నువ్వు. సందట్లో సడేమియాలా చిన్నా కూడా దూరి, పెద్దమ్మ వాళ్ల అబ్బాయి సైకిల్ నాకొద్దు, కొత్తదే కావాలని పేచీ. చివరికి పంచాయితీ నా దగ్గరికొచ్చింది.

తీర్పు సంగతి తర్వాత. ముందు బుజ్జిని ఒకటి అడగాలి. పోయిన దసరాకి పెద్దమ్మ, అక్క ఓణీల ఫంక్షన్‌కి కొన్న పట్టు లంగా ఓణీ నీకు పంపితే, "అక్క కట్టుకున్నది నేను కట్టుకోను" అని మూట కూడా విప్పకుండా బీరువాలో పడేశావు కదా. ముక్కూ మొహం తెలియని మనిషి జాకెట్‌కేమో ఏడొందలిచ్చావు. వరసకి అక్క, అదీ ఊరికే ఇస్తే వద్దన్నావు. మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే నీ లెక్కలో నీకో న్యాయం ఉందనిపించింది. అదేమిటో చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త పెద్దదే. ఫోన్‌లో చదివి చదివి కళ్లు లాగితే సగంలో ఆపి రేపు చదవండి, ఏం ఫరవాలేదు.

మా చిన్నప్పుడు జూన్ నెలొస్తే పై తరగతికి వెళ్లినవాళ్ల ఇళ్ల చుట్టూ తిరిగేవాళ్లం. ఒక చెయ్యి మారిన పుస్తకం సగం ధర. రెండు చేతులు మారితే పావు ధర. అట్ట ఊడితే ఇంకాస్త తగ్గింపు. లెక్కల పుస్తకంలో పెన్సిల్‌తో జవాబులు రాసుంటే మాత్రం బేరమాడకుండా ఎంతంటే అంతిచ్చి తెచ్చుకునేవాళ్లం. వాటిలో సగం తప్పులని పరీక్షలో తెలిసేది. పాత పుస్తకం కొన్నామని ఎవరూ సిగ్గుపడిన గుర్తు లేదు. మా ఊళ్లో లెనిన్ సెంటర్, మీ హైదరాబాద్‌లో కోఠి, ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్‌లు, ఎక్కడైనా చూడండి, ప్రొఫెసర్లు కూడా గొంతుక్కూర్చుని పాత పుస్తకాలు ఏరుకుంటారు. పాత కారు కొన్నాయన పూజ చేయించి నిమ్మకాయలు తొక్కించి స్వీట్లు పంచుతాడు. ఇక బంగారం సంగతి సరేసరి. మీ అమ్మ మెడలో గొలుసు మా అత్తగారి వడ్డాణం కరిగించి చేయించిందే. ఆ వడ్డాణంలో ఇంకెన్ని నగలు కరిగి ఉన్నాయో ఆ దేవుడికే తెలియాలి.

మరి బట్ట దగ్గరికొచ్చేసరికి ఎందుకింత పట్టింపు?

మీ అమ్మ "మైల" అంటుంది. మా నాయనమ్మ చాలా మడి మనిషి, ఆవిడ దగ్గర పెరిగాను కాబట్టి దాని సంగతి నాకు బాగా తెలుసు. విడిచిన బట్ట మైలే, కాదనను. కానీ తడిపి, పిండి, ఎవరూ ముట్టుకోకుండా ఆరేస్తే అదే బట్ట మడి అవుతుంది. ఆవిడ శాస్త్రంలో మైలకి విరుగుడు బకెట్టెడు నీళ్లు, దండెం. ఇంకో సంగతి మీ అమ్మకి గుర్తు చెయ్యండి. మీరు పుట్టినప్పుడు మీ ఇద్దరికీ ముందు వేసినవి పాత బట్టలే. చంటిబిడ్డకి కొత్త బట్ట వెయ్యకూడదని మనలో చాలా ఇళ్లలో ఆచారం. నలిగి నలిగి మెత్తబడిన పాత చీర ముక్కల్లో, పెద్ద పిల్లలు వేసుకుని వదిలేసిన చొక్కాల్లో పడుకోబెట్టేవాళ్లం. బుజ్జి మొదటి చొక్కా, ఇప్పుడు నువ్వు వద్దన్న లంగా ఓణీ ఉంది చూడు, ఆ అక్కదే.

కాబట్టి ఇది శుభ్రానికి సంబంధించిన గొడవ కాదని నా అనుమానం. నా సంగతే ఒకటి చెబుతాను, మీ అమ్మకి కూడా తెలియదు.

ఏడో తరగతిలో ఉండగా మేం అద్దెకున్న ఇంటివాళ్లమ్మాయి నా క్లాసే. వాళ్లమ్మ ఒకరోజు, తన కూతురికి పొట్టిదైపోయిందని, మామిడిపిందెల అంచున్న ఆకుపచ్చ పరికిణీ మా అమ్మకిచ్చింది. అమ్మ అడుగున మడత విప్పి, పొడుగు చేసి, ఇస్త్రీ చేసింది. నాకెంత నచ్చిందో చెప్పలేను. మర్నాడే కట్టుకెళ్లాను. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆ అమ్మాయి అందరి ముందూ, "అది నా పరికిణీయే. అదిగో, అంచు దగ్గర సిరా మరక చూడండి, అది నేను ఒలకబోసిందే" అంది. పాపం దానికి దురుద్దేశమేమీ లేదేమో, ఉన్నమాట చెప్పింది. నేను సాయంత్రం బెల్లు కొట్టేదాకా ఆ మరక మీద చెయ్యి తియ్యలేదు. ఇంటికొచ్చి నడుము దగ్గర బిగుతుగా ఉందని అబద్ధమాడాను. అమ్మ ఏమీ అడగలేదు, వారం తర్వాత దాన్ని కత్తిరించి దిండు గలేబులు కుట్టింది. సిరా మరక ఉన్న ముక్క నా దిండుకే వచ్చింది.

ఆ పరికిణీ చక్కగా ఉతికిందే. నీళ్లకి పోనిది దాన్ని ఇచ్చినవాళ్ల పేరు.

మన ఊళ్లలో పాత బట్ట ఎప్పుడూ పై నుంచి కిందికే వచ్చింది. కామందు కట్టి విడిచింది పాలేరుకి, ఇంటివాళ్లది అద్దెకున్నవాళ్లకి, అక్కది చెల్లికి. పుచ్చుకున్నవాళ్లు చేతులు చాచి పుచ్చుకోవాలి, ఇచ్చినవాళ్లు వీధిలో కనపడితే కాస్త ఒదిగి నిలబడాలి. కులం, డబ్బు, వయసు అన్నీ ఆ మడతలో కలిసే వస్తాయి. పుస్తకానికి, కారుకి డబ్బిచ్చి కొంటాం కాబట్టి ఆ బాధ లేదు.

నేను పెద్దయ్యాక ఇదంతా శుభ్రంగా మర్చిపోయాను. ఏటా సంక్రాంతికి మన ఇంట్లో పనికొచ్చే ఆమెకి రెండు పాత చీరలిచ్చి నా అంత దాత లేదనుకునేదాన్ని. ఒక ఏడు, "ఏమే, ఆ నీలం చీర కట్టుకోవేం?" అని అడిగాను. "ఈ వీధిలో అది మీ చీరని అందరికీ తెలుసు కదమ్మా. స్టీలు సామానాయనకి వేసి గిన్నె తీసుకున్నా" అంది. నా చీర గిన్నె అయిపోయిందని ఆ పూటంతా కోపంగానే ఉన్నాను. రాత్రి పడుకున్నాక ఆకుపచ్చ పరికిణీ గుర్తొచ్చింది. అప్పట్నుంచి ఆమెకి పండక్కి కొత్త చీర కొనడం మొదలుపెట్టాను, పాతవి నేనే స్టీలు సామాన్లకి వేస్తున్నాను. ఆమెకొచ్చినంత మంచి గిన్నె నాకెప్పుడూ రాలేదు.

ఇప్పుడు అమెరికా ముచ్చట. మీ మామయ్య కొలంబస్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను చలికాలం వెళ్లాను. ఇక్కణ్నుంచి పట్టుకెళ్లిన స్వెట్టర్ అక్కడి చలికి చేతిరుమాలుతో సమానం. వాడు నన్ను గుడ్‌విల్ అనే కొట్టుకి తీసుకెళ్లాడు. కొట్టు వెనక వైపు జనం కార్లలో వచ్చి పాత సామాన్లు ఇచ్చి రసీదు తీసుకెళుతున్నారు. ముందు వైపు అవే సామాన్లు కొంటున్నారు. ఇచ్చేవాళ్లకి ఎవరు కొంటారో తెలియదు, కొనేవాళ్లకి ఎవరిచ్చారో తెలియదు. ధర చీటీలకి రంగులుంటాయి, వారానికో రంగు సగం ధర. ముదురు ఎరుపు ఉన్ని కోటు పన్నెండు డాలర్లకి దొరికింది. అద్దంలో చూసుకుని మురిసిపోతుంటే పక్క వరసలో తెలుగు వినపడింది. వెంటనే కోటు విప్పి చేతి మీద వేసుకున్నాను. ఆవిడా నన్ను చూసి బండిలో ఉన్న గిన్నెల మీద శాలువా కప్పింది. "ఏదో ఊరికే చూద్దామని వచ్చాం" అంది. "మేమూ అంతే" అన్నాను. ఇద్దరం బిల్లు కౌంటర్ దగ్గర మళ్లీ కలిశాం.

ఆ కొట్టు పుట్టిన కథ మామయ్య చెప్పాడు. 1902లో బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే మెథడిస్టు పాస్టరు ఉండేవాడు. చుట్టూ పనిలేని బీదవాళ్లు, కొత్తగా వలస వచ్చినవాళ్లు. ఆయన గోనెసంచులు పట్టుకుని డబ్బున్నవాళ్ల పేటలకి వెళ్లి పాత బట్టలు, సామాన్లు అడిగి తెచ్చాడు. వాటిని ఊరికే పంచిపెట్టేస్తే మన సంక్రాంతి చీరల కథే అయ్యేది. ఆయన అలా చెయ్యలేదు. ఆ బీదవాళ్ల చేతే వాటిని బాగు చేయించి, చవగ్గా అమ్మి, వచ్చిన డబ్బుతో వాళ్లకి జీతాలిచ్చాడు. దానం కాదు, అవకాశం అన్నది వాళ్ల మాట. ధర ఎంత తక్కువైనా కొన్నవాడు తలెత్తుకుని బయటికి నడుస్తాడు. బుజ్జీ, నీ జాకెట్‌కీ అక్క లంగాకీ తేడా ఇక్కడే ఉందనుకుంటాను. ఒకటి నువ్వు ఏరి కొనుక్కున్నావు. రెండోది నువ్వు వరసలో రెండోదానివని చెబుతూ వచ్చింది.

అలాగని థ్రిఫ్ట్ అంటే పుణ్యకార్యమని రీల్స్‌లో చెప్పేదంతా నమ్మకు. డబ్బున్న దేశాల్లో జనం విడిచిన బట్టలన్నీ ఆ కొట్లలో అమ్ముడుపోవు. మిగిలినవి బేళ్లుగా కట్టి ఓడల్లో పంపేస్తారు. ఘనా రాజధాని ఆక్రాలో కాంటమాంటో అని పెద్ద పాతబట్టల సంత ఉంది. 2025 జనవరి మొదట్లో చాలా భాగం కాలిపోయింది, పాపం. అక్కడి వ్యాపారులు లోపలేముందో చూడకుండానే బేలు కొనాలి. చిరుగులు, మరకలు ఎక్కువొస్తే అప్పు మీద అప్పు. పనికిరానివి కాలవల్లో, సముద్రం ఒడ్డున తేలుతాయి. ఆ బట్టలకి వాళ్ల భాషలో "ఒబ్రొని వావు" అని పేరు, అంటే చచ్చిపోయిన తెల్లవాడి బట్టలని. ఇంత మంచి బట్టలు బతికున్నవాడెవడు పారేస్తాడు, చచ్చిపోయే ఉంటాడని అనుకున్నారట. అచ్చం మీ అమ్మలాగే! మన పానిపట్‌కి కూడా అలాంటి ఉన్ని బట్టలు వస్తాయి. అక్కడ గుండీలు పీకి, రంగుల వారీగా వేరుచేసి, చీల్చి మళ్లీ నూలు తీస్తారు. వరదలొచ్చినప్పుడు పంచే చవక దుప్పట్లలో అవీ ఉంటాయి. అందుకని చవగ్గా వస్తోందని నెలకి నాలుగు తెప్పించుకుంటే, కొత్తవి నాలుగు కొన్నదానికీ దానికీ పెద్ద తేడా లేదు.

కొనేటప్పుడు జాగ్రత్తలు కూడా చెప్పమంటావా? బట్టని వెలుతురుకి పట్టి చూడు, చంకల దగ్గర కుట్లు చూడు, జిప్పు రెండుసార్లు లాగు. ఇంటికి రాగానే వేన్నీళ్లలో ఉతకాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు చాలామంది ఉతకరు. పాత పరుపు మాత్రం ఎంత చవకైనా వద్దు. నల్లులు ఒకసారి ఇంట్లోకొస్తే తాతగారి కాలం నాటి మంచాలు కూడా తగలెయ్యాల్సి వస్తుంది. హెల్మెట్ వద్దు. ఒకసారి కిందపడి లోపలి ఫోమ్ నలిగి ఉంటే పైకి తెలియదు. పాత ఫోనైతే *#06# కొట్టి ఆ నంబరు బిల్లుతో సరిచూసుకుని, దొంగ సొత్తేమో సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూశాకే డబ్బివ్వాలి.

చిన్నా, నీ సైకిల్ సంగతి. అన్నయ్య ఊరికే ఇస్తున్నాడు కాబట్టే నీకు చులకనగా ఉంది. నీ హుండీలోంచి వాడికి అయిదొందలివ్వు, బేరమాడి మరీ ఇవ్వు. బ్రేకు రబ్బర్లు, చైను నా ఖర్చు. రంగు ఏది వేయించాలో నీ ఇష్టం, వాడు అడ్డుపడటానికి లేదు.

బుజ్జీ, మీ అమ్మతో మాట్లాడాను. జాకెట్‌ని ఉతికి, డాబా మీద రెండు రోజులు ఎండలో వేస్తే లోపలికి రానిస్తుందట. లంగా ఓణీ కట్టుకోమని నేను బలవంతపెట్టను. అక్కర్లేకపోతే తిప్పి పంపెయ్, కానీ ఆ మాట అక్కకి నువ్వే ఫోన్ చేసి చెప్పు. మూట కట్టింది పెద్దమ్మే కానీ, దానికి తగ్గ జడగంటలు వెతికి అందులో పెట్టింది అక్క.

అన్నట్టు, ఉతికేముందు జేబులు చూడు. నా ఎర్ర కోటు జేబులో ఒక చీటీ దొరికింది. పాలు, గుడ్లు, కొవ్వొత్తులు అని ఇంగ్లీషులో వంకర రాత. కొవ్వొత్తులు ఎవరి పుట్టినరోజుకో తెలియదు. ఆ చీటీ ఇంకా నా బీరువాలోనే ఉంది, మీరొచ్చినప్పుడు చూపిస్తాను.

మీ
అమ్మమ్మ