ఎంత వాన పడుతుందో తెలియకుండా కాలువ ఎంత తవ్వాలి?

అమ్మడూ, చిన్నోడా,

"ముందుముందు ఎంత వాన పడుతుందో ఎవరికీ తెలియదంటారు కదా తాతయ్యా, మరి కాలువ ఎంత వెడల్పు తవ్వాలో ఎలా తెలుస్తుంది?" అని మొన్న ఫోన్‌లో అడిగావమ్మడూ. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. అప్పట్నుంచీ అదే ఆలోచన.

లండన్ వాళ్లకూ ఇదే చిక్కు వచ్చింది. 1953లో సముద్రం పొంగి ఇంగ్లండ్ తూర్పు తీరంలో 307 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత థేమ్స్ నదికి అడ్డంగా 520 మీటర్ల పొడవున గేట్లు కట్టారు. పెద్ద గేట్లు మామూలు రోజుల్లో నది అడుగున పడుకుని ఉంటాయి, పడవలు వాటి మీదుగానే పోతాయి. పెద్ద పోటు వస్తోందంటే పైకి లేపి మూసేస్తారు. 1982 నుంచి అవే ఊరిని కాస్తున్నాయి.

కానీ సముద్రమట్టం పెరుగుతూనే ఉంది. 2100 నాటికి 90 సెంటీమీటర్లు పెరగొచ్చని ఒక లెక్క, మరీ విషమిస్తే పెద్ద పోటప్పుడు వచ్చే నీటిమట్టం 2.7 మీటర్ల దాకా పెరగొచ్చని ఇంకో లెక్క. మొదటిది నీ ఛాతీ దాకా, రెండోది మన గుమ్మం పైకి. దేనికని కడతారు? తక్కువకు కడితే ఊరు మునుగుతుంది. ఎక్కువకు కడితే ఇవాళ బడికీ ఆసుపత్రికీ కావలసిన డబ్బు గోడలో పోతుంది.

2012లో వేసిన ప్రణాళికలో వాళ్లు ఏ ఒక్క అంకెనూ పట్టుకుని కూర్చోలేదు. నీళ్లు ఇంత పెరిగితే గట్లు ఎత్తు చేద్దాం, ఇంకా పెరిగితే కొత్త గేట్లు కడదాం అని మెట్లు మెట్లుగా రాసుకున్నారు. ఏ మెట్టు ఎప్పుడెక్కాలో చెప్పేది క్యాలెండర్ కాదు, నీటిమట్టం. కొన్నేళ్లకోసారి లెక్కలు మళ్లీ చూసుకుంటారు. రేపు గట్టు పెంచడానికి కావలసిన నేలను ఇవాళే అట్టేపెట్టుకోవాలనీ రాశారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ మాటే.

ఎందుకో చెబుతాను. 1908 సెప్టెంబరు 28న మన మూసీ పొంగి వేలాది మందిని మింగింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. వరద ఊళ్లోకి రాకముందే ఎగువన ఆగడానికి దానికంటూ చోటుండాలన్నారాయన. అలా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయ్యాయి.

మరి ఆ చోటును మనం ఏం చేశాం? 2020 అక్టోబరులో ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. మర్నాడు నా స్నేహితుడి ఇంటికెళ్తే వంటింట్లో మోకాటిలోతు నీళ్లు, పప్పుల డబ్బాలు తేలుతున్నాయి. వాళ్ల కాలనీ అంతా ఒకప్పుడు చెరువు శిఖమే, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే నేల. ఆ నీళ్లు దారి తప్పి రాలేదమ్మా, తమ చోటికే వచ్చాయి. కాలువ ఎంత తవ్వాలో తెలియనప్పుడు దాని పక్కన నేల వదిలిపెట్టాలి. తర్వాత వెడల్పు చెయ్యొచ్చు. ఇళ్లు లేచాక ఎవర్ని లేపుతాం?

రేపు ఏమొచ్చినా నష్టం లేని పనులూ కొన్నున్నాయి. 2010 మే ఎండలకు ఎందరో చనిపోయాక అహ్మదాబాద్ నగరపాలక సంస్థ 2013లో ఎండల ప్రణాళిక వేసింది. ఎండ ముదిరేలోగా జనానికి హెచ్చరిక, వీధుల్లో మంచినీళ్లు, ఆసుపత్రుల్లో ముందే సిద్ధం. తర్వాత పేదల ఇళ్ల కప్పులకు తెల్ల సున్నం కూడా వేయించారు.

అది చదివే పోయిన వేసవిలో మన మేడమీద సగానికి సున్నం కొట్టించాను. మిట్టమధ్యాహ్నం నల్ల సగం మీద కాలు మోపలేం. తెల్ల సగం మీద నిలబడే మీ నానమ్మ వడియాలు పెట్టింది. మిగతా సగం కూడా కొట్టించమంటోంది. మీరు సెలవులకొచ్చి రెండువైపులా కాలు పెట్టి చూశాకే కొట్టిస్తానన్నాను.

మీ
తాతయ్య