మంత్రం తెలిసిన అమ్మాయిల నవలలు: అపోహలు - వాస్తవాలు

టీనేజి పాఠకుల కోసం మాంత్రిక నవలలు రాయడం, కొత్తగా రాసేవాళ్ళ రాతప్రతులు చదివి సరిదిద్దడం నా పని. ఉండేది నెల్లూరు. కావలి, కందుకూరు, ఒంగోలు వైపు బడులకు వెళ్ళి తొమ్మిది, పది తరగతుల పిల్లల చేత కథలు రాయిస్తుంటాను. వెళ్ళినచోటల్లా తల్లిదండ్రుల దగ్గర, టీచర్ల దగ్గర, రాసే పిల్లల దగ్గర కూడా కొన్ని మాటలు అవే అవే వినబడతాయి. ఆ మాటలు ఈ నవలలను సరిగ్గా చదవనివ్వవు, రాయనివ్వవు. నాకు తెలిసింది చెబుతాను.

అపోహ: ఇది ఇంగ్లీషు వాళ్ళ సరుకు, మనకు అతకదు

వాస్తవం: మాయలూ మంత్రాలూ కలిపి పెద్ద కథ నడపడం తెలుగులో పాత విద్య. పదమూడో శతాబ్దంలో కేతన, దండి సంస్కృతంలో రాసిన కథను 'దశకుమార చరిత్రము'గా తెనిగించి మన తిక్కనకే అంకితమిచ్చాడు. పదిమంది కుర్రాళ్ళు దేశాలు పట్టి తిరుగుతూ పడే పాట్లన్నీ అందులో ఉన్నాయి. పదహారో శతాబ్దంలో పింగళి సూరన 'కళాపూర్ణోదయం' రాశాడు. కథ తనే అల్లుకున్నాడు. ఒకరి రూపంలో మరొకరు తిరగడం, సిద్ధులు, శాపాలు, ముందుది వెనక్కీ వెనకది ముందుకీ మారే కథనం, అన్నీ అందులో దొరుకుతాయి. 1947 జులైలో 'చందమామ' మొదలైంది. 1954లో దాసరి సుబ్రహ్మణ్యం గారి 'తోకచుక్క' సీరియల్‌తో మాంత్రికులు, రాక్షసులు నెలనెలా ఇంటికే రావడం మొదలుపెట్టారు. ఆ సంచిక కోసం కాచుకున్న తాతలు, అవ్వలు మీ వీధిలోనే ఉంటారు, అడిగి చూడండి.

లోటు ఒకటి ఉన్నమాట నిజం. ఆ కథల్లో ప్రయాణం కట్టేది దాదాపుగా ఎప్పుడూ అబ్బాయే. రాకుమార్తెను ఎవరో ఎత్తుకుపోతారు, ఇతను వెతుకుతాడు, విడిపిస్తాడు, చివర పెళ్ళి. ఆ అమ్మాయి చెరలో ఉన్నన్నాళ్ళూ ఏం ఆలోచించిందో మనకు తెలియదు. ఇంగ్లీషులోనూ చాలాకాలం పరిస్థితి ఇంచుమించు ఇదే. 1983లో టమోరా పియర్స్ అనే రచయిత్రి, అలానా అనే అమ్మాయి మగవేషం వేసుకుని యుద్ధవిద్య నేర్చుకోవడం గురించి రాసేనాటికి, అక్కడ కూడా అటువంటి పుస్తకాలు తక్కువే. ఆ చెరలో ఉన్న అమ్మాయి వైపు నుంచి కథ చెప్పడమే ఇప్పుడు మనం చేయాల్సిన పని.

అపోహ: నాయిక బలమైనదంటే కత్తి పట్టాలి, ఏడవకూడదు, ఎవరి మాటా వినకూడదు

వాస్తవం: నా దగ్గరికి వచ్చే రాతప్రతుల్లో ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే. మొదటి పేజీలోనే అమ్మాయి నలుగురు రౌడీలను కొడుతుంది. తల్లిని ఎదిరిస్తుంది. భయం లేదు, అనుమానం లేదు. పుట్టినప్పుడే జాతకంలో రాసిపెట్టి ఉంది గనక గెలుస్తుంది కూడా. రెండొందల పేజీల తర్వాత చూస్తే, ఆ అమ్మాయి తానుగా తీసుకున్న నిర్ణయం ఒక్కటీ ఉండదు. రాసినవాళ్ళు ఆమెకు బలం ఇచ్చారు గానీ పని ఇవ్వలేదు.

నేను రాతప్రతి చేతికి తీసుకోగానే ఒక ప్రశ్న వేసుకుంటాను. ఈ అమ్మాయి ఫలానా చోట ఫలానా నిర్ణయం తీసుకోకపోతే కథ వేరే దారి పట్టేదా? అవును అనిపిస్తే ఆమె నాయిక. లేదంటే ఎన్ని కత్తులిచ్చినా కథలో ఒక వస్తువే.

పెన్న ఒడ్డున ఉండి రాసిన తిక్కన విరాటపర్వం చూడండి. ద్రౌపది సైరంధ్రిగా దాసీపని చేస్తోంది. కీచకుడు నిండుసభలో తన్నాడు. ధర్మరాజు కంకుడి వేషంలో అక్కడే ఉండి ఆమెనే లోపలికి పొమ్మన్నాడు. అరిస్తే అజ్ఞాతవాసం బయటపడుతుంది. ఆ రాత్రి ఆమె ఎవరి దగ్గరికి వెళ్ళింది? ధర్మరాజు దగ్గరికి పోలేదు, అర్జునుడి దగ్గరికీ పోలేదు. వంటశాలలో నిద్రపోతున్న భీముడిని లేపింది. అక్కడ ఏడ్చింది కూడా. తిక్కన ఆమెను తనివితీరా ఏడవనిచ్చాడు. అయిదుగురిలో ఈ పనికి ఎవరు సరైనవాడో తేల్చుకున్నది మాత్రం ఆమే. మర్నాడు కీచకుడికి నవ్వుతూ కబురు చెప్పి నర్తనశాలకు రప్పించిందీ ఆమే. ద్రౌపది కత్తి ముట్టలేదు. ఆ రాత్రి ఆమె వేరే తలుపు తట్టి ఉంటే ఆ పర్వం అలా నడిచేది కాదు.

విదేశీ ఉదాహరణ కావాలంటే, అమెరికన్ రచయిత్రి ఉర్సులా లెగ్విన్, ఎర్త్‌సీ అనే కల్పిత లోకం మీద రాసిన నవలల్లో 1971లో వచ్చిన రెండోది ఉంది. అందులో టెనార్ అనే పూజారిణికి సొంతంగా ఏ మంత్రమూ రాదు. ఒక మహా మాంత్రికుడు ఆమె అధీనంలో ఉన్న చీకటి సొరంగాల్లో చిక్కుకుపోతాడు. చంపేయడమా, బతకనివ్వడమా అన్నది ఆమె చేతిలో ఉంది. ఆ పుస్తకమంతా ఆ నిర్ణయం మీదే నడుస్తుంది.

మన జిల్లా చరిత్రలోనూ ఇటువంటిది ఉంది. 1990ల మొదట్లో దూబగుంట ఆడవాళ్ళు, రోశమ్మ గారి వంటివాళ్ళు ముందుండి, ఊళ్ళో సారా దుకాణం మూయించారు. అక్షరాలు నేర్చుకోవడానికి పెట్టిన రాత్రిబడుల్లో కూర్చుని మాట్లాడుకున్న ఆడవాళ్ళు వాళ్ళు. వాళ్ళ కథే అక్షరాస్యత వాచకంలో పాఠమైంది. ఆ పాఠం చదివి వేరే ఊళ్ళు కదిలాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. మంత్రశక్తి ఉన్న నాయికను రాయబోయే అమ్మాయిలకు నేను ముందు ఈ సంగతి చెబుతాను. ఒక పాఠం ఊళ్ళను కదిలించగలిగినప్పుడు మీ మంత్రం అంతకంటే పెద్దదేం చేయగలదో ఆలోచించి రాయమంటాను.

అపోహ: మాయ అన్నాక ఏదైనా రాసుకోవచ్చు, లెక్క ఉండదు

వాస్తవం: లెక్క ఉండాల్సింది ఇక్కడే. నాయిక ఇరుక్కున్న ప్రతిసారీ అప్పటిదాకా చెప్పని కొత్త శక్తి బయటికి వస్తే పాఠకుడు భయపడటం మానేస్తాడు. భయం పోయాక పేజీ తిప్పాల్సిన పని లేదు. అమెరికన్ రచయిత బ్రాండన్ శాండర్సన్ 2007లో దీన్ని ఒక సూత్రంగా చెప్పాడు. రచయిత మాయతో ఎంత చిక్కు విప్పగలడన్నది, పాఠకుడికి ఆ మాయ ఎంత బాగా అర్థమైందన్న దాన్ని బట్టి ఉంటుందని దాని సారాంశం. అర్థం కాని మాయతో చిక్కులు పెంచవచ్చు, తీర్చడానికి మాత్రం అది పనికిరాదు.

మాయకు మూడు సంగతులు తేలాలి. అది ఏం చేయగలదు, ఏం చేయలేదు, చేసినందుకు ఏం పోతుంది. మూడోది చాలామంది వదిలేస్తారు. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర మొహర్రం రోజుల్లో జరిగే రొట్టెల పండగ చూసినవాళ్ళకు ఇది చప్పున తెలుస్తుంది. కోరిక ఉన్నవాళ్ళు చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె అని ఇచ్చేవాళ్ళను వెతుక్కుని తీసుకుంటారు. కోరిక తీరినవాళ్ళు మళ్ళీ వచ్చి అదే కోరిక ఉన్న ఇంకొకరికి రొట్టె ఇస్తారు. తీసుకున్నదాన్ని ముక్కూ మొహం తెలియని మనిషికి తిరిగి ఇవ్వాలన్న ఏర్పాటు అది. ఎవరి భక్తినీ తెచ్చి నవలలో మాయగా పెట్టమని నేను చెప్పను, అది తప్పు. అందులో ఉన్న ఆ బాకీ ఎలా నడుస్తుందో మాత్రం గమనించమంటాను.

పిల్లలతో కలిసి కట్టిన ఒక మాయ గురించి చెబుతాను. ఒకప్పటి ఉమ్మడి నెల్లూరు జిల్లాలోదే పులికాట్ సరస్సు. దేశంలో ఉప్పునీటి సరస్సుల్లో చిలకా తర్వాత ఇదే పెద్దది. ఈశాన్య రుతుపవనాల వానలకు మంచినీళ్ళు వచ్చి కలిస్తే ఉప్పదనం తగ్గుతుంది. ఎండాకాలం నీళ్ళు ఇంకి, ఉప్పు పెరిగి, కొన్నిచోట్ల నేల బయటపడుతుంది. ఇప్పుడు జాలర్ల ఇంటి అమ్మాయి ఒకతి ఉంది, ఆమె నీళ్ళతో మాట్లాడగలదు అనుకున్నాం. నీళ్ళు జవాబు చెప్పేది ఉప్పు తక్కువగా ఉన్నప్పుడే అని షరతు పెట్టాం. కార్తీకంలో ఆమెకు ఎదురులేదు. సంక్రాంతి దాటాక మాటలు సగం సగం వినబడతాయి. మేలో ఏమీ వినబడదు. ఈ సంగతి శత్రువుకు తెలుసు గనక మే నెల కోసం కాచుకుని ఉంటాడు. ఇంత చెప్పగానే పిల్లల్లో ఎవరో ఒకరు "అయితే ఆమె అందరితో కలిసి ఏప్రిల్లోనే ఏదో ఒకటి చేయాల" అంటారు. అంతే, కథ దొరికినట్టే. ఆ షరతు వల్ల అమ్మాయికి నిర్ణయం తీసుకోవాల్సిన అవసరం పడింది.

ఉప్పు, వాన, రుతువు మనం కల్పించినవి కావు గనక పాఠకుడు సందేహించడు. కల్పించింది ఒక్కటే, నీళ్ళు మాట్లాడటం.

అపోహ: ఇవి చదివితే పిల్లలు మంత్రాలు నిజమని నమ్ముతారు

వాస్తవం: పన్నెండేళ్ళు దాటిన పిల్లలు కథకూ నిజానికీ తేడా బాగానే చూస్తారు. అమ్మలు ఈ విషయంలో పడే భయం చాలావరకు అక్కరలేనిది. రాసేవాళ్ళ బాధ్యత మాత్రం తీసివేయలేం. కల్పించిన రాజ్యంలో మంత్రంతో విషం దిగితే నాకు అభ్యంతరం లేదు. కోవూరు పొలంలో, ఈ కాలంలో, వరి కోస్తున్న అమ్మాయిని పాము కరిస్తే మంత్రం వేసి బాగుచేశారని రాస్తే ఆ పేజీ నేను ఒప్పుకోను. ఆ పొలాల్లో పాముకాటు నిజం, ఆసుపత్రిలో ఇచ్చే విషానికి విరుగుడు ఇంజెక్షన్ నిజం, ఆలస్యమైతే ప్రాణం పోవడమూ నిజం. మన ఊరి పేరు పెట్టి రాస్తే ఆ ఊరి నిజాలకు కట్టుబడాలి.

అపోహ: మంచు కొండలు, రాతి కోటలు, డ్రాగన్లు ఉంటేనే ఫాంటసీ

వాస్తవం: రాతి కోట కావాలంటే ఉదయగిరి ఎక్కి రండి. 1514లో శ్రీకృష్ణదేవరాయలు దాన్ని పట్టుకున్నది సుమారు ఏడాదిన్నర ముట్టడి తర్వాత. కొత్త రచయితల కోటలు ఒక్క రాత్రిలో కూలిపోతుంటాయి. కొండ ఎక్కాక, లోపల ఉన్నవాళ్ళు అన్నాళ్ళు నీళ్ళకు ఏం చేశారు, బయట ఉన్నవాళ్ళు తిండికి ఏం చేశారు అన్న ప్రశ్నలు మీకే వస్తాయి. వాటికి జవాబులు వెతికితే సగం నవల తయారవుతుంది. భైరవకోనలో కొండను తొలిచిన ఎనిమిది గుహాలయాలున్నాయి. కంభం చెరువు కట్ట రెండు కొండల సందును మూసి గుండ్లకమ్మ నీళ్ళను ఆపింది. ఆ చెరువు కట్టించింది ఒడిశా గజపతుల ఆడపడుచు, కృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ అని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. పుట్టింటికీ మెట్టినింటికీ యుద్ధం జరిగిన కాలంలో, పరాయి దేశానికి కోడలిగా వచ్చి, కరువు నేలలో నీళ్ళు నిలబెట్టిన రాణి! ఆమెను నాయికగా పెట్టి టీనేజి నవల ఎవరైనా రాస్తే ముందు చదివేది నేనే.

డ్రాగన్ మీద నాకు కోపం లేదు. అది మన ఎండలో ఎలా బతుకుతుందో, ఏం తింటుందో చెబితే చాలు.

అపోహ: ఇవి ఆడపిల్లల పుస్తకాలు, చిన్నపిల్లల పుస్తకాలు

వాస్తవం: అమెరికాలో 2012లో వచ్చిన ఒక మార్కెట్ పరిశీలన ప్రకారం, టీనేజి పుస్తకాలు కొనేవాళ్ళలో 55 శాతం మంది పద్దెనిమిది దాటినవాళ్ళే. అబ్బాయిల సంగతి నేను తరగతి గదుల్లో చూస్తూనే ఉన్నాను. కథ గట్టిగా నడిస్తే నాయిక అమ్మాయని వాళ్ళు పుస్తకం పక్కన పెట్టరు. "ఇది ఆడపిల్లలది" అని చేతిలోంచి తీసుకునేది పెద్దవాళ్ళే. దయచేసి ఆ పని చేయకండి.

అపోహ: మంత్రాల కథకు గ్రాంథికం కావాలి, టీనేజి పిల్లలకు సగం ఇంగ్లీషు కావాలి

వాస్తవం: రెండూ అక్కరలేదు. పిల్లలు పుస్తకం మూసేసేది పెద్ద మాట వచ్చినందుకు కాదు, ఎవరూ మాట్లాడని మాట వచ్చినందుకు. మాంత్రికుడు "ఓరీ మూర్ఖ మానవా" అనగానే నవ్వేస్తారు. అదే మాంత్రికుడు చెరువు కట్ట మీద కూర్చుని నెమ్మదిగా "యాడికి పోతుండావు పాపా?" అంటే వాళ్ళకు వెన్ను జలదరిస్తుంది. ఆ గొంతు వాళ్ళు రోజూ వినేదే. కథనం మామూలు వాడుక తెలుగులో నడిపించి, సంభాషణ మన యాసలో రాయండి. స్కూలు, బస్సు, ఫోను అనే మాటలు ఎలా వాడుతున్నామో అలాగే రానివ్వండి.

అపోహ: ఫాంటసీ అంటే మూడు భాగాలు రాయాల్సిందే

వాస్తవం: పైన చెప్పిన అలానా కథను పియర్స్ మొదట పెద్దల కోసం ఒకే నవలగా రాసుకున్నారు. టీనేజి పాఠకుల కోసం తిరగరాసినప్పుడు అది నాలుగు పుస్తకాలైంది. భాగాలుగా రావడానికి కారణాలు చాలావరకు ప్రచురణకు సంబంధించినవి. తెలుగులో మొదటిసారి రాసేవాళ్ళు ఒక్క పుస్తకంలో ముగిసే కథే ఎంచుకోండి. నాయిక మొదటి అధ్యాయంలో ఏ ఇబ్బందిలో ఉందో అది చివరి అధ్యాయంలో తేలిపోవాలి. ఆమె తీసుకున్న నిర్ణయానికి తగిన నష్టం కూడా ఆ పుస్తకంలోనే కనబడాలి. రెండో భాగం కోసం దాచిపెట్టిన ముగింపు ఉన్న రాతప్రతులను నేను వెనక్కి పంపి, ఆ దాచినదంతా ఇందులోనే పెట్టి తిరగరాయమంటాను. అలా తిరగరాశాక కూడా ఆ లోకంలో చెప్పాల్సింది మిగిలి ఉంటే అప్పుడు రెండో పుస్తకం మొదలుపెట్టండి.