అద్దంలా మెరిసే చుక్కాని షాఫ్టు: అపోహలు - వాస్తవాలు

పోయిన నెల మళ్ళీ అదే ఫోను. దుబాయ్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మన గుంటూరు కుర్రాడొకడు ఇద్దరు స్నేహితులతో కలిసి పాత సెయిలింగ్ యాట్ కొన్నాడు. 32 అడుగులది, ఇరవై ఏళ్ళు దాటినది. గట్టెక్కించి అడుగుభాగం శుభ్రంగా కడిగించారు. "అన్నా, షాఫ్టు అద్దంలా ఉంది. 316 రకం స్టెయిన్‌లెస్ అట. ఇంక చుక్కాని జోలికి పోనక్కర్లేదు కదా" అంటూ ఫొటో పెట్టాడు. షాఫ్టు నిజంగానే అద్దంలా ఉంది. కానీ అది చుక్కాని పలకలోకి (నీళ్ళలో తిరిగే రెక్క) దిగేచోట, సన్నటి టీ రంగు చార ఒకటి కారి ఎండిపోయి ఉంది. ఆ చార గురించి ఒక్క మాటా లేదు. దాన్ని చూడాలని అతనికి ఎవరూ చెప్పలేదు.

గల్ఫ్ యార్డుల్లో పదహారేళ్ళుగా చుక్కానులు దించుతున్నాను. జనాన్ని నిలువునా ముంచే మాట ఇదొక్కటే.

అపోహ: స్టెయిన్‌లెస్‌కి తుప్పు పట్టదు. పైన బాగుంటే లోపలా బాగున్నట్టే.

వాస్తవం: పట్టుతుంది. పైగా కంటికి కనపడనిచోటే పట్టుతుంది. స్టెయిన్‌లెస్‌ని కాపాడేది దాని ఒంటిమీద ఉండే పలచని క్రోమియం ఆక్సైడ్ పొర. గీత పడినా ఆ పొర మళ్ళీ దానంతటదే కట్టుకుంటుంది. అందుకు ఆక్సిజన్ కావాలి. బయట, పారే నీళ్ళలో, గాలిలో దానికి లోటు లేదు. చుక్కాని పలక లోపల అలా కాదు. రెండు ఫైబర్ చిప్పలు, మధ్యలో ఫోము, ఆ ఫోములోకి దిగిన షాఫ్టు, దానికి వెల్డు చేసిన ట్యాంగులు, అంటే పలకని పట్టి ఉంచే లోహపు పట్టీలు. షాఫ్టు చుట్టూ ఉన్న అతుకు ఏదో ఒకనాటికి వెంట్రుకవాసి విడుతుంది, ఉప్పునీళ్ళు దిగుతాయి, ఇంక బయటికి రావు. ఆ నిలవ నీళ్ళలో ఆక్సిజన్ అయిపోతుంది, పొర కట్టుకోదు. సందుల్లో క్లోరైడు చేరి, నీళ్ళు పుల్లబడి, లోహాన్ని గుంటలు గుంటలుగా తినేస్తాయి. యార్డులో దీన్ని క్రెవిస్ అంటాం. వెల్డు పక్కన అయితే మరీ తొందరగా. బేరింగు లోపల, సీల్ పెదవి కింద కూడా ఇదే కథ. ఇక్కడి సముద్రం మామూలు సముద్రం కంటే ఉప్పన, ఎండాకాలంలో నీళ్ళు 33 డిగ్రీలు దాటుతాయి. రెండూ ఆ తుప్పుకి దోహదమే.

నేను పని నేర్చుకున్నది విశాఖ ఫిషింగ్ హార్బరులో, మా మావయ్య దగ్గర. అక్కడి ట్రాలర్ల చుక్కానులు మామూలు ఇనుము. తుప్పు పొట్టు పొట్టుగా లేచి చేతికి తగులుతుంది. సుత్తితో రెండు దెబ్బలేస్తే ఎంత మిగిలిందో తెలిసిపోయేది. ఆ ఇనుము తన జబ్బు దాచుకోదు. స్టెయిన్‌లెస్ దాస్తుంది. అచ్చం మేడిపండు.

ఇక్కడికి వచ్చిన మూడో ఏడు, 11 మీటర్ల బోటు ఒకటి బేరింగు మార్పిడికి వచ్చింది. చార అప్పుడూ ఉంది. పలక కోసి చూద్దామన్నాను. ఓనరు ఒద్దన్నాడు, వారంలో రేసుందన్నాడు. నేను ఇంకోసారి గట్టిగా చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. మూడు నెలలకి, తీరానికి పన్నెండు మైళ్ళ దూరంలో, స్టీరింగు వీలు (చక్రం) తిప్పితే షాఫ్టు తిరుగుతోంది, పలక తిరగడం లేదు. బోటులో ఇద్దరు పిల్లలున్నారు. గాలి తక్కువగా ఉండబట్టి తాడు కట్టి లాక్కొచ్చారు. విప్పితే మూడు ట్యాంగుల్లో రెండు వెల్డు దగ్గర తెగిపోయాయి, మూడోది గోరంత మందాన వేలాడుతోంది. పైన షాఫ్టు మాత్రం మెరుస్తూనే ఉంది. ఆ రోజునుంచీ చార చూసి ఊరుకోవడం నా వల్ల కాదు.

చూడాల్సిన పద్ధతి చెబుతాను. బోటు గట్టెక్కిన రోజు చుక్కానిని కడగొద్దు. రెండు రోజులు వదిలేసి, ఎక్కణ్ణించి ఏ రంగు కారుతోందో చూడండి. స్టీరింగు వీలుని కట్టేసి, పలక వెనక అంచు పట్టుకుని మెలితిప్పండి. షాఫ్టు కదలకుండా పలక ఒక్కటే రవ్వంత కదిలినా ట్యాంగులు పోయినట్టే, ఆ బోటు నీళ్ళలోకి దిగకూడదు. మొత్తం చుక్కాని పక్కకి లొడలొడలాడితే అది బేరింగు అరుగుదల, వేరే సంగతి. పలక అడుగున 6 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. గోధుమరంగు నీళ్ళు కుళ్ళిన గుడ్డు వాసనతో వస్తే, ఇంక ఆలోచించకుండా ఒకవైపు చిప్పని జానెడు మేర కోయించి ట్యాంగులు కళ్ళారా చూడండి. కోసినచోట ఎపాక్సీ జిగురు, ఫైబర్‌గ్లాసుతో పూడ్చడం పెద్ద పని కాదు. షాఫ్టు బయటికి తీశాక ఎర్ర డై, తెల్ల డెవలపరు కొట్టిస్తే కంటికి ఆనని పగుళ్ళు ఎర్రగీతల్లా తేలతాయి. స్పేడ్ చుక్కాని (అడుగున ఆధారం లేకుండా వేలాడేది) అయితే కింది బేరింగు దగ్గర మరీ జాగ్రత్తగా చూడాలి, వంపు భారమంతా పడేది అక్కడే.

అపోహ: పైపైన కాస్త తిన్నది, ఏమీ కాదు.

షాఫ్టు వంపు బలం వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది. 50 మిల్లీమీటర్ల షాఫ్టు చుట్టూ అరిగి 45కి వస్తే పోయేది పదో వంతు కాదు, 27 శాతం. గుంట లోతుగా ఉండి, దాని అడుగున పగులు మొదలైతే ఈ లెక్క కూడా నిలవదు. వెల్డుతో పూడ్చి సానబట్టిస్తామనేవాళ్ళ మాట వినకండి. ఆ వేడికి షాఫ్టు వంగుతుంది, పక్కన కొత్త బలహీనత పుడుతుంది.

అపోహ: పైన సీలెంటు పూస్తే నీళ్ళు ఆగిపోతాయి. లోపలున్న నీళ్ళకి మూత పెడుతున్నారు మీరు. ముందు పూర్తిగా ఆరాలి, తర్వాతే సీలెంటు.

అపోహ: షాఫ్టు బదులు తాను అరిగిపోయే జింకు ముక్క కట్టాం కాబట్టి భయం లేదు. పలక లోపలి సందుల్లోకి ఆ రక్షణ చేరదు.

అపోహ: అయస్కాంతం అంటుకుంటే నాసిరకం. ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ వినీ వినీ విసుగొచ్చింది. 304, 316 రకాల స్టెయిన్‌లెస్ రెండూ దాదాపు అంటుకోవు, కాబట్టి వాటి మధ్య తేడా అయస్కాంతం చెప్పలేదు. 316 కంటే క్రెవిస్‌ని బాగా తట్టుకునే 2205 డ్యూప్లెక్స్ అనే మరో రకం స్టెయిన్‌లెస్‌కేమో గట్టిగా అంటుకుంటుంది. మంచి సరుకుని వెనక్కి పంపినవాళ్ళని చూశాను. మిల్లు సర్టిఫికెట్ (లోహం ఏ రకమో తయారీదారు రాసిచ్చే కాగితం) అడగండి.

అల్యూమినియం షాఫ్టులున్నవాళ్ళకి ఒక్క మాట: రాగి కలిసిన యాంటీఫౌలింగ్ (నాచు, గుల్లలు పట్టకుండా అడుగున వేసే రంగు) దాని దరిదాపుల్లోకి రానీయొద్దు. తెల్లపొడి కనిపించి వీలు బిగుసుకుంటుంటే బేరింగు విప్పించండి.

కంగారుపడేవాళ్ళకి కూడా చెప్పాలి. రాత్రి పన్నెండింటికి రెయిలింగు మీది గోధుమ మరకల ఫొటోలు పంపి, బోటు పోయినట్టేనా అని అడుగుతారు. పొదుపు చేసిన డబ్బంతా పెట్టి కొన్నవాళ్ళు, ఆ భయం నాకు అర్థమవుతుంది. గాలి తగిలేచోట పైపైన పట్టే మరక తుడిస్తే పోతుంది, నిద్రపోండి. నేను భయపడేది సందులోంచి కారే చారకే.

గుంటూరు కుర్రాడి పలక కోశాం. రెండు ట్యాంగులు గట్టిగా ఉన్నాయి, అన్నిటికంటే కిందిది వెల్డు దగ్గర సగం తినేసి ఉంది. షాఫ్టు మీద, పలక అంచుకి నాలుగు వేళ్ళ కింద, పెన్సిలు ములికి దిగేంత గుంట. కొత్త షాఫ్టు 2205లో లేతు మీద ఉంది.